గుడి బీరువాలో ఉన్న మన చరిత్ర

అయ్యగారికి, సంఘ పెద్దలకు, అక్కచెల్లెండ్లకు, అన్నదమ్ములకు వందనాలు.

మన గుడి బోర్డు మీద సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అని ఉంటది. ముసలోళ్ళు మాత్రం ఇప్పటికీ వెస్లియన్ మిషన్ గుడి అనే అంటరు. 1947 సెప్టెంబర్ 27న మెథడిస్టులు (మన వెస్లియన్లు వీళ్ళే), ఆంగ్లికన్లు, దక్షిణ భారత ఐక్య సంఘంవాళ్ళు ఒక్కటైనంక బోర్డు మారింది.

మిషన్ చరిత్ర అనంగనే అందరం మెదక్ పెద్ద గుడి చెప్తం. కరువులో మిషనరీ పాస్నెట్ దొర పని చూపెట్టి అన్నం పెట్టిండని, 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠించిండ్రని. మన నిజామాబాద్ జిల్లాలనైతే డాక్టర్ కెర్ దొరసాని, ఆమె పెట్టిన డిచ్‌పల్లి కుష్ఠు దవాఖాన. చెప్పాల్సిందే. కానీ ఊరి గుడిని నిలబెట్టింది ఎవరు?

వెస్లీ పద్ధతిల ఒక్క అయ్యగారి కింద ఎన్నో ఊర్లు. ఆయన రాని ఆదివారాలు ఆరాధన నడిపింది పగలంతా కూలికి పోయొచ్చినోళ్ళే. అక్షరం వచ్చిన పిల్లగాడు కందిలి ముందు కూసొని వాక్యం చదివితే, తండ్రి వయసోళ్ళు చేతులు కట్టుకొని విన్నరు. గద్దింపులు తప్ప ఇంకోటి ఎరుగని వాడల అది చిన్న సంగతి కాదు.

మన అమ్మలు ఎసట్ల బియ్యం పోసేముందు పిడికెడు తీసి గుడి కోసం దాచిండ్రు. ఇంట్ల పిల్లలకు చాలని రోజు గూడ తీసిండ్రు. కోత పండుగ వేలంల ఒక గుమ్మడికాయను పాడినాయన మళ్ళ గుడికే ఇస్తడు, ఇంకొకాయన పాడుతడు. ఏ మతమోళ్ళైనా వచ్చి పాడుతరు. ఊరంతా ఒక్కచోట నవ్వుకునేది ఆ పూటనే అని నాకనిపిస్తది.

ఇగ నేను ముఖ్యంగా చెప్పొచ్చేది బాప్తిస్మం రిజిస్టర్ గురించి. పట్వారీ లెక్కలల్ల భూమి ఉన్నోళ్ళ పేర్లే. గుంట జాగ లేని మన తాతముత్తాతల పేర్లు, ఆలుమగలిద్దరివి, తారీఖుతో సహా రాసిపెట్టింది గుడి ఒక్కటే. వృత్తి గడిల 'కూలి' అని ఉన్న ఇంట్లనే, తర్వాతి పెండ్లి రిజిస్టర్ల 'టీచర్' అని కనబడుతది. ఇంతకు మించిన చరిత్ర పుస్తకం మనకు లేదు.

బీరువాల ఉన్న ఆ రిజిస్టర్‌కు చెదలు పడుతున్నయ్. యువజన సంఘం పిల్లలు ఈ వారమే పేజీ పేజీ ఫోన్ల ఫొటో తీయాలె. ఒక నకలు డయాసిస్ (బిషప్ గారి) ఆఫీసుకు పంపాలె. అస్పష్టంగున్న పేర్లు మన ముసలమ్మల ముందు చదవుండ్రి, ఎవరు ఎవరి బిడ్డో వాళ్ళు చెప్తరు.