మచ్చలు పోతే జబ్బు పోయినట్టు కాదు

[తెర మీద: నీలం టాంగ్ చేప, ఒంటి మీద తెల్ల మచ్చలు]

ఉప్పునీటి చేపలకు ఇలా తెల్ల మచ్చలు తెచ్చే జబ్బును మెరైన్ ఇక్ అంటారు. దాని మీద ఈ వీడియో చేయడానికి కారణం ఒకే ఒక్క మాట. "అన్నా, మందు వేశాను, నాలుగు రోజుల్లో మచ్చలు పోయాయి, చేప బాగైపోయింది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ మొదలవుతుంది. వారం పది రోజులకు అదే మనిషి మళ్లీ ఫోన్ చేస్తాడు. అప్పటికి గొంతు మారిపోయి ఉంటుంది.

ట్యాంకు ఎలా పెట్టాలి, ఏ ఫిల్టరు కొనాలి అనేవి ఈరోజు మాట్లాడను. ఇది ఉప్పునీటి ట్యాంకు ఇప్పటికే నడుపుతున్నవాళ్ల కోసం.

మన అనంతపురం వైపు పుట్టినవాళ్లకు దీన్ని అర్థం చేయించడం సులువు. చెనిక్కాయ చేనులో ఎర్ర గొంగళి పురుగు చూసే ఉంటారు. ముంగారు వాన పడగానే మట్టిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, గుడ్లు పెడతాయి, గొంగళ్లు చేను తర్వాత చేను తినేస్తాయి. ఒక రోజు పొద్దున పోయి చూస్తే ఒక్క పురుగూ కనిపించదు. పోయిందా? ఎక్కడికీ పోలేదు. కడుపు నింపుకుని మట్టిలోకి దిగింది. మళ్లీ వాన పడేదాకా అక్కడే పడుకుంటుంది.

మెరైన్ ఇక్ కథ కూడా ఇదే. క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి చేప చర్మంలో, మొప్పల్లో దూరి తింటుంది. మనకు ఉప్పు రవ్వలా కనిపించే మచ్చ అదే. 3 నుంచి 7 రోజులు తిని, తనంతట తానే చేపను వదిలి కిందికి దిగి, ఇసుకకో రాయికో అంటుకుని గూడు కట్టుకుంటుంది. మీరు మందు పోసినా, వెల్లుల్లి తినిపించినా, ఊరికే కూర్చున్నా మచ్చలు ఆ రోజుకు పోతాయి. పురుగు మట్టిలోకి దిగింది, పేరు మందుకొచ్చింది.

గూడులో ఆ ఒక్కటీ వందలవుతుంది. చిన్నవి బయటికొచ్చేది ఎక్కువగా చీకట్లోనే, చేప రాళ్ల సందున నిద్రపోయే వేళకు. వాటికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరకాలి, దొరక్కపోతే చచ్చిపోతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, చికిత్స మొత్తం దీని మీదే నిలబడుతుంది.

నా మొదటి టాంగ్‌ని ఇలాగే పోగొట్టుకున్నాను. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో కవర్లో వచ్చింది. అయిదో రోజుకు తోక దగ్గర మూడు మచ్చలు. అమ్మినాయన నీలం మందు వేయమన్నాడు, వేశాను. మచ్చలు పోయాయి, ఇంట్లో అందరికీ చూపించాను. తొమ్మిదో రోజు పొద్దున లైటు వేస్తే ఒళ్లంతా రవ్వ చల్లినట్టుంది. పంపు నోటి దగ్గర నిలబడి, ఒక పక్క మొప్ప మాత్రమే ఆడిస్తోంది. సాయంత్రానికి లేదు. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

[దగ్గరి షాటు: చేప మొప్పలు]

సరే, జబ్బు ఎలా గుర్తుపట్టాలి? మందు సీసా కంటే ముందు నీళ్లు చూడండి. అమ్మోనియా ఎంతుంది, ఉప్పు ఎంతుంది, వేడి ఎంతుంది? మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు నీళ్లు 31, 32 డిగ్రీలకు పోతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే అది జబ్బే కానక్కర్లేదు, ఎండ కూడా కావచ్చు. ఇంకోటి, నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన నీళ్లకు ఉప్పునీళ్లు పోసేవాళ్లున్నారు, దయచేసి అది మానేయండి. ఆర్వో మంచినీళ్లే పోయాలి.

నీళ్లు బాగుంటే అప్పుడు చేపను చూడండి. విడివిడిగా లెక్కపెట్టగలిగే మచ్చలు, చేప రాయికి ఒళ్లు రుద్దుకోవడం... ఇవుంటే ఇక్. మచ్చల్లా కాక సన్నటి పిండి చల్లినట్టుండి, ఊపిరి గబగబా తీస్తూ, తిండి మానేస్తే అది వెల్వెట్ అనే ఇంకో జబ్బు. అది ఒకటి రెండు రోజుల్లో ట్యాంకు ఖాళీ చేస్తుంది, రేపు చూద్దాం అనొద్దు. క్లౌన్ చేప ఒంటి మీద జిగురు పొరలా ఊడొస్తుంటే బ్రూక్లినెల్లా అనే వేరే జబ్బు, దానికి ఫార్మలిన్ కావాలి, రాగి మందు పనిచేయదు. రెక్క అంచున పువ్వులా గడ్డ కట్టి, చేప హుషారుగా తింటుంటే అది వైరస్ వల్ల వచ్చేది, చాలావరకు దానంతటదే పోతుంది, ఏ మందూ పోయొద్దు.

ఇప్పుడు ఇక్‌కు చికిత్స. ఇంకో పొరపాటు కూడా ఇక్కడే జరుగుతోంది. మంచినీటి చేపలకు వచ్చే తెల్ల మచ్చ వేరే జీవి. వేడి పెంచితే అది తగ్గుతుందని ఇక్కడ కూడా హీటరు తిప్పుతున్నారు. సముద్రపు ఇక్ దానికి లొంగదు, ఉన్న ఆక్సిజన్ పోతుంది.

మళ్లీ మన చేను దగ్గరికే వద్దాం. మట్టిలో పడుకున్న పురుగుకు పైన మందు కొడితే తగలదు. గూడులో ఉన్న ఇక్‌కూ, చేప చర్మం కింద ఉన్న ఇక్‌కూ రాగి మందు తగలదు. బయటికొచ్చి ఈదేటప్పుడు మాత్రమే దొరుకుతుంది. అందుకే రోజుల తరబడి మందు నీళ్లలో నిలిచి ఉండాలి. చేపలన్నిటినీ, మచ్చ లేనివాటిని కూడా, ఇసుకా రాళ్లూ లేని హాస్పిటల్ ట్యాంకులోకి మార్చండి. దాక్కోడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు చాలు. మామూలు అయానిక్ రాగి అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు, 30 రోజులు. తగ్గితే పనిచేయదు, పెరిగితే చేప చస్తుంది, కాబట్టి టెస్ట్ కిట్ లేకుండా మొదలుపెట్టొద్దు. కీలేటెడ్ రాగికి, అంటే వేరే పదార్థంతో కట్టిన రాగికి, లెక్క వేరు, సీసా మీద ఉన్నదే పాటించండి. అసలు ట్యాంకులో రాగి పోశారంటే రొయ్యలు, నత్తలు, కోరల్స్ అన్నీ పోతాయి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. రాగి వద్దనుకుంటే హాస్పిటల్ ట్యాంకులో ఉప్పు తగ్గించి, నీళ్ల స్పెసిఫిక్ గ్రావిటీని (మంచినీళ్లతో పోల్చిన సాంద్రతను) 1.009కి దించి 30 రోజులు ఉంచొచ్చు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు సరిచూసుకుని దించండి, మళ్లీ పెంచేటప్పుడు మెల్లగా పెంచండి. ఇది ఇక్‌కే, వెల్వెట్‌కు పనిచేయదు. ఇంకో పద్ధతి, ప్రతి 72 గంటలకూ చేపను ఆరిన కొత్త ట్యాంకులోకి మార్చడం, గూళ్లు పాత ట్యాంకులోనే ఉండిపోతాయి.

ఈలోగా అసలు ట్యాంకును బీడు పెట్టాలి. ఒక్క చేప కూడా ఉండకూడదు. గూళ్లు పగలడానికి 3 రోజుల నుంచి 72 రోజుల దాకా పట్టినట్టు పరిశోధనలో చూశారు, అందుకే 76 రోజులు ఆగమంటారు. రొయ్యలకూ కోరల్స్‌కూ రోజూ కొంచెం మేత వేస్తూ ఉండండి. మధ్యలో ముచ్చటపడి ఒక్క చేప వేసినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. మా ఇంట్లో కాలెండరు మీద 76 గళ్లు గీసి పెట్టాను, ఈరోజుకు 41 కొట్టేశాను.

చేప ఫోటో పంపేవాళ్లు నీలం లైటు ఆపి, తెల్ల లైటు కింద తీసి పంపండి. నీలం లైటు కింద ఏది ఇక్కో ఏది వెల్వెట్టో నేను చెప్పలేను.