ఉత్తర్వు చూపించమని అడుగుదాం
(గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యదర్శి గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ వారం రోజులూ పుస్తక ప్రదర్శన నడిపి, వ్యాసరచన పోటీలకు పిల్లలను ఓపికగా కూర్చోబెట్టిన సిబ్బందికి, సభికులందరికీ నమస్కారాలు. పొద్దున్నే తలుపులు తెరవకముందే వచ్చి పత్రికల కోసం మెట్ల మీద ఎదురుచూసే పాఠక మిత్రులకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను, ఎందుకంటే నేను ఇవాళ మాట్లాడబోయేది ప్రధానంగా వారితోనే.

కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం ‘పఠనాసక్తిని పెంపొందించడంలో దినపత్రికల పాత్ర’. ఆ అంశం మీద నాకంటే బాగా చెప్పగల ఉపాధ్యాయులు ఈ సభలోనే ఉన్నారు కనుక, వారు మన్నిస్తే, చాలాకాలంగా నా మనసును తొలుస్తున్న విషయం ఒకటి చెబుతాను. పత్రిక చేతికి అందకుండా పోయినప్పుడు, నిన్నటిదాకా వచ్చిన ఛానల్ ఇవాళ రాకుండా పోయినప్పుడు, ఆ పని ఎవరు చేశారు, ఏ చట్టం కింద చేశారు, ఏ కారణంతో చేశారు, ఆ కాగితం ఏదీ అని అడగడం మనం మానేశాం. ‘పైనుంచి చెప్పారట’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం.

1950లో పరిస్థితి ఇలా లేదు. రాజ్యాంగం అమలులోకి వచ్చి అయిదు వారాలు కూడా నిండకముందే, ఆ సంవత్సరం మార్చి 1న, మద్రాసు ప్రభుత్వం ఎం.ఎస్. 1333 నంబరు ఉత్తర్వుతో ‘క్రాస్ రోడ్స్’ అనే ఇంగ్లీషు వారపత్రికను రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. బొంబాయి నుంచి రమేశ్ థాపర్ నడిపే ఆ పత్రిక వామపక్ష భావాలు కలిగినది. అంతకు పద్దెనిమిది రోజుల ముందు, ఫిబ్రవరి 11న, సేలం జైలులో కాల్పులు జరిగి 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు చనిపోయి ఉన్నారు. మన ఆంధ్ర జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కనుక ఆ నిషేధం బెజవాడ, గుంటూరు, కర్నూలు పాఠకులకు కూడా వర్తించింది. ఇక్కడి కమ్యూనిస్టుల దినపత్రిక ‘ప్రజాశక్తి’ 1948లోనే ప్రభుత్వ నిర్బంధం వల్ల మూతపడిందన్న సంగతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

మరునాడు, మార్చి 2న, ఢిల్లీలో ఇంకొక ఉత్తర్వు వెలువడింది. అది ‘ఆర్గనైజర్’ అనే వారపత్రిక మీద. ఇది ఆర్.ఎస్.ఎస్. భావాలను ప్రచారం చేసే పత్రిక. మతపరమైన విషయాలన్నిటినీ, పాకిస్తాన్‌కు సంబంధించిన వార్తలనూ వ్యాఖ్యలనూ, ఫోటోలూ కార్టూన్లతో సహా, అచ్చుకు ముందే రెండేసి ప్రతులుగా అధికారికి సమర్పించి అనుమతి పొందాలని ఆ ఉత్తర్వు చెప్పింది. ఈ రెండు పత్రికల వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడడానికి ఇష్టపడనివాళ్లు. అయినా ఇద్దరూ సుప్రీంకోర్టు తలుపే తట్టారు. 1950 మే 26న, ఒకే రోజున, రెండు తీర్పులూ వచ్చాయి. మెజారిటీ తరఫున జస్టిస్ పతంజలి శాస్త్రి తీర్పు రాశారు, జస్టిస్ ఫజల్ అలీ ఒక్కరే విభేదించారు. రెండు ఉత్తర్వులూ కొట్టివేశారు. పత్రికను పంపిణీ చేసుకునే స్వేచ్ఛ లేకపోతే అచ్చు వేసుకునే స్వేచ్ఛకు విలువ లేదన్నది, ప్రజాభద్రత అన్న విస్తారమైన సాకుతో వాక్కును అణచడానికి అప్పటి రాజ్యాంగం ఒప్పుకోదన్నది ఆ తీర్పుల సారాంశం.

ప్రభుత్వం తలవంచలేదు. తీర్పు వచ్చిన ఏడాదికల్లా రాజ్యాంగాన్నే మార్చింది. 1951 మే 12న ప్రధాని నెహ్రూ ప్రవేశపెట్టిన మొదటి సవరణ, జూన్ 18న చట్టమైనప్పుడు, వాక్ స్వాతంత్ర్యానికి సంబంధించిన 19వ అధికరణంలో ‘శాంతిభద్రతలు’, ‘నేరానికి ప్రేరేపించడం’, ‘విదేశాలతో స్నేహసంబంధాలు’ అన్న కొత్త కారణాలు చేరాయి. ఆంక్షలు ‘సహేతుకమైనవి’గా ఉండాలన్న మాట కూడా అప్పుడే చేరింది, దాన్ని మరచిపోకూడదు. శ్యామాప్రసాద్ ముఖర్జీ, కృపలానీ, కామత్ వంటి వారు సభలో గట్టిగా వాదించారు కానీ సవరణ వైపు 228 మంది, వ్యతిరేకంగా 20 మంది ఓటు వేశారు. స్వాతంత్ర్యం కోసం జైళ్లకు వెళ్లి వచ్చినవారు పాలకులైన నాలుగేళ్లలో ఇంత మారడం నాకు ఎన్నిసార్లు చదివినా బాధ కలిగిస్తూనే ఉంటుంది. అయితే ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఆ ఉత్తర్వులకు తేదీ ఉంది, సంతకం ఉంది, ఫలానా చట్టంలో ఫలానా సెక్షన్ అన్న ఆధారం ఉంది. ఆ కాగితం పట్టుకునే రమేశ్ థాపర్ కోర్టుకు వెళ్లగలిగారు. కాగితం లేకపోతే ఆయన దేన్ని సవాలు చేసి ఉండేవారు?

ఆ ప్రశ్నకు జవాబు 1975లో దొరికింది. ఎమర్జెన్సీ విధించిన జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్ మీద ఉన్న పత్రికల ముద్రణాలయాలకు కరెంటు పోయింది. కరెంటు తీసివేయమని లెఫ్టినెంట్ గవర్నర్ కిషన్ చంద్ విద్యుత్ సంస్థ అధికారికి నోటిమాటగా చెప్పారని తర్వాత ఎమర్జెన్సీ అకృత్యాలపై వేసిన షా కమిషన్ విచారణలో తేలింది. సెన్సార్‌షిప్ ప్రకటించింది ఆ తర్వాత. అంటే చట్టం వచ్చేలోపలే చేతులు పని మొదలుపెట్టాయి. జూన్ 28న ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయం స్థానాన్ని ఖాళీగా వదిలింది. అంతే, ఖాళీలు వదలకూడదని మార్గదర్శకాలు వచ్చాయి. గాంధీ, టాగోర్, నెహ్రూ వాక్యాలు ఉటంకించడం మీద కూడా ఆంక్షలు పెట్టారు. నాలుగు వార్తాసంస్థలను కలిపి 1976 ఫిబ్రవరిలో ‘సమాచార్’ అన్న ఒకే సంస్థగా చేశారు. ప్రెస్ కౌన్సిల్‌ను రద్దు చేశారు. అదే రమేశ్ థాపర్, అప్పటికి ‘సెమినార్’ మాసపత్రిక నడుపుతున్నారు, ప్రతి సంచికనూ ముందుగా సెన్సారుకు చూపించాలన్నప్పుడు ఆ పని చేయడం ఇష్టం లేక 1976లో పత్రికనే ఆపివేశారు.

అప్పుడు నేను బెజవాడలో ఒక దినపత్రికలో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌ని. పత్రిక పేరు అప్రస్తుతం, ఎందుకంటే అన్నిచోట్లా జరిగింది ఇదే. ఒక రాత్రి షిఫ్టులో, మొదటి పేజీ ఫారం బిగించి సిద్ధంగా ఉన్న సమయంలో, ఫోన్ మోగింది. విచారణ లేకుండా జైలులో ఉంచిన ఒక డిటెన్యూకు జబ్బు చేసిందన్న వార్త, పట్టుమని నాలుగు లైన్లు, దాన్ని తీసివేయమని అవతలి గొంతు. మా షిఫ్టు ఇన్‌చార్జి వయసులో పెద్దవారు, గొంతు పెంచే మనిషి కాదు. “అలాగేనండీ. తమరి పేరు, హోదా చెబితే రాసుకుంటాను” అన్నారు. అవతల ఫోన్ పెట్టేశారు. ఆయన సొరుగులోంచి ఒక రూళ్ల నోటుబుక్ తీసి, తేదీ వేసి, ‘రాత్రి 10.40. ఫోన్. పేరు చెప్పలేదు. జైలు వార్త తీసివేయవలెనట. తీసివేయడమైనది’ అని రాసి, కింద సంతకం చేసి, నా చేత కూడా చేయించారు. ఫోర్‌మన్ చిమటాతో ఆ లైన్లు ఒక్కొక్కటే పీకి, ఆ జాగాలో వ్యవసాయశాఖ వారి విత్తనాల ప్రకటన కూర్చాడు. సీసపు అక్షరాలు గ్యాలీలో పడుతున్న చప్పుడు వింటూ నేను ఆయనను అడిగాను, ఇది రాసి ఏం లాభం అని. “అబ్బాయ్, వార్త పోయింది. వార్త పోయిందన్న సంగతి కూడా పోతే ఎట్లా?” అన్నారు.

మిత్రులారా, నేను ఆయన చెప్పిన ఆ మాట కోసమే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను. సెన్సారు చేసేవాడికి వార్త మీద కంటే తన చెయ్యి కనబడుతుందేమోనన్న భయమే ఎక్కువ. ఖాళీ జాగా వదలవద్దన్నది అందుకే. ఫోన్‌లో పేరు చెప్పనిదీ అందుకే.

ఇక మన కాలానికి వద్దాం. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్లను ఆపివేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఏబీఎన్, టీవీ5 ఆగిపోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే అదే ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి, టీవీ9, ఎన్టీవీ ఆగిపోయాయి. ఆగిన ఛానళ్లు మారాయి, ఆగిన తీరు మారలేదు. ప్రభుత్వాన్ని అడిగితే మేమేమీ చెప్పలేదంటారు, నిర్ణయం ఆపరేటర్లదేనంటారు. ఉత్తర్వు అన్నదే లేనప్పుడు దేన్ని రద్దు చేయమని అడగాలి? ఛానళ్లు ట్రిబ్యునళ్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. తిరిగే లోపల ఆ రోజుల వార్తలు పాతబడి పోయాయి. కాగితం ఉన్న సందర్భాలూ లేకపోలేదు. వార్తల మీద ఫిర్యాదులు, కేసులు పెట్టడానికి అధికారులకు అధికారమిస్తూ 2007లో 938 నంబరు జీవో, 2019 అక్టోబరులో 2430 నంబరు జీవో వచ్చాయి. వాటిని చదివి జర్నలిస్టులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలపగలిగారు, కనబడే దాన్ని ఎదిరించగలం కనుక.

ఇంకా చిన్న స్థాయిలో ఏం జరుగుతోందో చెబుతాను. నాకు తెలిసిన ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో, ఎన్నికల తర్వాత కొద్దిరోజులకే, బల్ల మీదికి ఒక దినపత్రిక రావడం ఆగిపోయింది. లైబ్రేరియన్‌ను అడిగాను. ఆయన మంచి మనిషి, తల దించుకుని ‘పైనుంచి చెప్పారండీ’ అన్నారు. చెప్పింది ఎవరు, కాగితం ఉందా అంటే, లేదు, ఫోన్ అన్నారు. అయిదు దశాబ్దాల తర్వాత కూడా అదే ఫోన్! పక్కనే కూర్చుని చదువుకుంటున్న పెద్దమనిషి ఒకాయన, ‘పోతే పోనివ్వండి మాస్టారూ, అది వాళ్ల పార్టీ పేపరేగా’ అన్నారు. ఆగిన పత్రిక సంగతి కంటే ఆ మాటే నన్ను ఎక్కువగా బాధించింది. నేను ఆ పత్రికకు అభిమానిని కాను. దాని సంపాదకీయాలు చదివితే నాకు కోపం వస్తుంది. కానీ దానితో పోట్లాడాలంటే ముందు అది నా చేతిలో ఉండాలి కదా! ‘ఆర్గనైజర్’ గెలిచిన తీర్పు ‘క్రాస్ రోడ్స్’కు, ‘క్రాస్ రోడ్స్’ గెలిచిన తీర్పు ‘ఆర్గనైజర్’కు ఎంత ఆసరా అయిందో ఆ పెద్దమనిషికి ఎలా చెప్పడం?

కోర్టులు ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడాయి. కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేతపై ‘కశ్మీర్ టైమ్స్’ సంపాదకురాలు అనురాధా భసీన్ వేసిన కేసులో, 2020 జనవరి 10న, నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది. పౌరుడు ఉత్తర్వును చూడకుండా దాన్ని సవాలు చేయలేడన్నది అక్కడి తర్కం. మలయాళ ఛానల్ మీడియావన్ సంగతి ఇంకా స్పష్టమైనది. 2022 జనవరి 31న దాని అనుమతి రద్దు చేశారు. కారణం దేశభద్రత అన్నారు, వివరాలు మాత్రం సీల్డ్ కవరులో కోర్టుకు ఇచ్చారు. ఏ నేరం మోపారో నిందితుడికి చెప్పకుండా శిక్ష వేయడం కాదా ఇది? 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ రద్దును కొట్టివేసింది. ప్రభుత్వ విధానాలను విమర్శించినంత మాత్రాన ఒక ఛానల్‌ను వ్యవస్థకు వ్యతిరేకి అనలేమని చెప్పింది. అయినా ఇంటర్నెట్‌లో సమాచారాన్ని అడ్డుకునే 2009 నాటి నిబంధనల్లో పదహారవ నిబంధన గోప్యతను ఇప్పటికీ పాటించమంటూనే ఉంది.

అబద్ధాలు, దూషణలు, విద్వేషం పెరిగిపోయాయి, అదుపు వద్దా అని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పరువునష్టానికి చట్టం ఉంది, హింసకు ప్రేరేపిస్తే చట్టం ఉంది. ఆ చట్టం కింద చర్య తీసుకోదలచినవారు తీసుకోనివ్వండి. కానీ సంతకం చేసి, కారణం రాసి, అందరికీ కనబడేలా చేయమనండి.

కనుక కార్యదర్శి గారి అనుమతితో ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. ఈ గ్రంథాలయానికి వచ్చే ఏ పత్రికనైనా, ఏ ప్రభుత్వ కాలంలోనైనా, ఆపమని ఎవరైనా చెబితే, కారణంతో కూడిన రాతపూర్వకమైన ఉత్తర్వు లేనిదే ఆపకూడదు. ఉత్తర్వు వస్తే దాని ప్రతిని నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఫోన్ వస్తే తేదీ, సమయం, చెప్పిన మాట ఒక రిజిస్టరులో రాసి ఉంచాలి. ఆ రిజిస్టరు ఏ సభ్యుడు అడిగినా చూపించాలి. వివిధ పార్టీల అభిమానులు ఇక్కడ ఉన్నారు. మీకు నచ్చని పత్రికను ఒక్కసారి మనసులో తలచుకుని, దాని కోసం సంతకం చేయండి. తీర్మానం కాగితం అధ్యక్షుల వారి ముందు ఉంది. సభ ముగిశాక సిబ్బంది ఇంకో అరగంట తలుపులు తెరిచి ఉంచుతామన్నారు.