ఎ, డి, ఇ, కె రక్తం దాకా ఎలా చేరతాయి? సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల విటమిన్ రిపోర్టు చదువుదాం

ఆన్ అయిందా? ఎర్ర చుక్క వచ్చిందా చిన్నా? సరే.

అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి నేనే. బయట 43 డిగ్రీలుంది, ఫ్యాన్ వేస్తే మైకులో గర్రుమంటుందని ఆపేశాం. మధ్యమధ్యలో ముఖం తుడుచుకుంటూ ఉంటాను, ఏమనుకోకండి.

ఈ రోజు సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లల్లో ఎ, డి, ఇ, కె విటమిన్ల సంగతి. నోట్లో వేసింది రక్తం దాకా ఎలా పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది, రిపోర్టులో నంబరు ఎలా చదవాలి. మా నర్సింగ్ పిల్లలకు క్లాసులో చెప్పేదే ఇది. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్న అమ్మానాన్నలు కూడా చూస్తుంటారు కాబట్టి నిదానంగానే చెప్తాను. డోసు ఎంత అనేది మాత్రం మీ డాక్టరు గారే చెప్పాలి, నేను చెప్పను.

జబ్బు గురించి రెండే ముక్కలు. ఏడో క్రోమోజోము మీద సీఎఫ్‌టీఆర్ అనే జీన్ ఉంటుంది. అది పాడైతే ఒంట్లో స్రావాలు జిగురుగా తయారవుతాయి. ఊపిరితిత్తుల గొడవ ఈ రోజు వద్దు. మనకు కావాల్సింది క్లోమం, అదే ప్యాంక్రియాస్. ఇదిగో, బొమ్మలో పసుపు రంగుది. దీని గొట్టాలు ఆ జిగురుతో పూడిపోతాయి. ఈ పిల్లల్లో 85 శాతం దాకా క్లోమరసం పేగులోకి చాలినంత రాదు. రసం రాకపోతే కొవ్వును ముక్కలు చేసే లైపేజ్ కూడా రాదు. ఎ, డి, ఇ, కె కరిగేది కొవ్వులోనే కాబట్టి కొవ్వు ఆగితే అవీ ఆగిపోతాయి.

ఇప్పుడు గ్లాసులు. చిన్నా, కెమెరా కిందికి దించు. ఇంకొంచెం. ఆ, చాలు.

ఇది క్యారెట్ తురుము వేసి గోరువెచ్చగా చేసి వడగట్టిన బుడ్డల నూనె. రంగు చూడండి, నారింజ. విటమిన్ ఎ తయారీకి కావాల్సిన బీటా కెరోటిన్ నూనెలోకి దిగింది. నీళ్లలో పోస్తున్నా... తేలింది. కలిపాను... చుక్కలు చుక్కలుగా విడిపోయింది, మళ్లీ పైకే వచ్చింది. ఇప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. కలిపితే, చూశారా, పాలలాగా అయిపోయింది. పేగులో పిత్తరసం చేసే పని దాదాపు ఇదే.

ఇక్కడో మాట. మొదటిసారి క్లాసులో క్యారెట్ బదులు పసుపు వాడాను. నూనెలో బాగానే కరిగింది. లిక్విడ్ లేదని బట్టల సోడా వేశాను. మొత్తం ఎర్రగా మారిపోయింది, పారాణి కలిపినట్టు. పసుపుకు క్షారం తగిలితే అంతే కదా, సున్నం కలిపితే ఏమవుతుందో మన ఇళ్లలో ఎవరికి తెలీదు? నాకే ఆ రోజు తట్టలేదు. పిల్లలు విటమిన్ మాట మర్చిపోయి ఆ ఎరుపు గురించే అడిగారు. అందుకని క్యారెటే వాడండి.

సరే. పిత్తరసం ఒక్కటే ఉంటే చాలదు. లైపేజ్ కొవ్వును కోస్తేనే ఆ ముక్కలు, పిత్త లవణాలు, విటమిన్ కలిసి మిసెల్ అనే చిన్న గుత్తి తయారవుతుంది. ఆ గుత్తి అయితేనే పేగు గోడ దాకా చేరుతుంది. ఇంకో చిక్కు, క్లోమరసంలో వచ్చే బైకార్బొనేట్ కూడా ఈ పిల్లల్లో తక్కువ. పేగు మొదట్లో పులుపు అలాగే ఉండిపోతుంది, పిత్త లవణాలు కూడా సరిగా పని చేయవు.

ఇక్కడి నుంచి సులువు, బాణాలు చూస్తూ పోండి. మిసెల్, పేగు కణం, లోపల కైలోమైక్రాన్ అనే మూట, అక్కడి నుంచి లింఫ్, ఛాతీలో పైకి, ఎడమ భుజం దగ్గర పెద్ద సిరలోకి, రక్తంలోకి. చివరికి లివర్. అయిపోయింది. డి, ఇ, కె కూడా మొదట ఈ దారే.

క్లోమం ఇవ్వని లైపేజ్‌ను బయటి నుంచి ఇచ్చే ఎంజైము గుళికలు కూడా చకచకా చెప్పేస్తాను. తినడం మొదలుపెట్టేటప్పుడే ఇవ్వాలి. చిన్నపిల్లలకు క్యాప్సూల్ విప్పి గింజల్ని ఒక చెంచా ఆపిల్ గుజ్జులో కలపండి. గింజల్ని నలపకూడదు, నమలనివ్వకూడదు. వేడి అన్నంలో వద్దు, పాలల్లో వద్దు. ఆ గింజల పైపూత కడుపులో పులుపుకు తట్టుకుని పేగులో కరగాలి, ముందే కరిగితే దండగ. తిన్నాక నోరు పుక్కిలించాలి, చిగుళ్ల దగ్గర గింజ ఇరుక్కుంటే పుండు పడుతుంది. లెక్క కిలో బరువుకు లైపేజ్ యూనిట్లలో వేస్తారు, రోజుకు కిలోకు 10,000 దాటకూడదు. 14 కిలోల బిడ్డకు రోజంతా కలిపి 1,40,000 లోపే. విటమిన్ చుక్కలు కూడా ఆ భోజనంతోనే, ఎంజైముతోనే. పొద్దున్నే ఖాళీ కడుపున నీళ్లతో వేస్తే చాలావరకు వేసింది వేసినట్టే బయటికి పోతుంది. ఉగ్గాని అయినా, సంకటిలో నెయ్యి వేసి పెట్టినా, కొవ్వు ఉన్న పూట చూసుకోండి.

ముఖం తుడుచుకుంటున్నా, ఒక్క నిమిషం. ఆ, చెమట అంటే గుర్తొచ్చింది. 1948లో న్యూయార్క్‌లో ఎండలు ముదిరినప్పుడు వడదెబ్బతో వచ్చిన పిల్లల్లో ఈ జబ్బున్నవాళ్లు కనిపించారు. ఆ తీగ లాగితే 1953లో తేలింది, వీళ్ల చెమటలో ఉప్పు ఎక్కువ పోతుందని. ఇప్పటికీ జబ్బు తేల్చేది ముఖ్యంగా చెమట పరీక్షతోనే, క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ గానీ పైన గానీ. మన కర్నూలు, అనంతపురం ఎండల్లో ఈ బిడ్డలకు ఉప్పు ఎంత అదనంగా ఇవ్వాలో వేసవికి ముందే డాక్టరును అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు దగ్గరికి వచ్చాం. రిపోర్టు. ఇక్కడే నేను బోల్తా పడ్డాను, కాబట్టి ఇక్కడ తొందర లేదు.

స్క్రీన్ మీద చూడండి. విటమిన్ ఎ, 17. యూనిట్ మైక్రోగ్రాములు, డెసిలీటరుకు. 20 కంటే తక్కువ, ఎర్ర అక్షరాల్లో కొట్టారు. ఏమంటారు? లోపం, డోసు పెంచాలి. నేనూ అదే అన్నాను. ఒక తల్లితో అనేశాను కూడా, పాపం ఆవిడ రాత్రంతా టెన్షన్ పడిందట. మరుసటి రోజు మా సీనియర్ మేడమ్ కాగితం చూసి ఒకటే అడిగారు: "రక్తం తీసిన రోజు బిడ్డకు జ్వరం ఉందా?"

ఉంది. ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందనే ఆస్పత్రిలో చేర్చారు.

ఎందుకడిగారో చెప్తాను. మన మార్కెట్ యార్డు అనుకోండి. ఉల్లిగడ్డల బస్తాలు గోడౌన్‌లో ఉన్నాయి. విటమిన్ ఎ గోడౌన్ లివర్. అక్కడి నుంచి కంటికి, చర్మానికి వెళ్లాలంటే లారీ కావాలి. ఆ లారీ పేరు రెటినాల్ బైండింగ్ ప్రొటీన్, ఆర్బీపీ. తయారు చేసేదీ లివరే. అది చిన్న ప్రొటీను, ఒంటరిగా పోతే కిడ్నీ జల్లెడలోంచి జారిపోతుంది, అందుకని ట్రాన్స్‌థైరెటిన్ అని ఇంకో ప్రొటీను దాన్ని పట్టుకునే ఉంటుంది. డ్రైవరు పక్కన క్లీనరు లాగా.

జ్వరం, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు లివర్ ఆర్బీపీ తయారీ తగ్గించేస్తుంది. లారీల సమ్మె అన్నమాట. మనం రక్తంలో కొలిచేది రోడ్డు మీదున్న సరుకును. గోడౌన్ నిండుగా ఉన్నా రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసి గోడౌన్‌లోకి ఇంకా బస్తాలు తోస్తే? విటమిన్ ఎ ఎక్కువైతే నీళ్లలో కరిగే విటమిన్‌లాగా మూత్రంలో పోదు. లివర్‌కు దెబ్బ, ఎముకలకు దెబ్బ, తలలో ఒత్తిడి పెరగొచ్చు.

అలాగని 17 ఎప్పుడూ అబద్ధమని కాదు. నిజంగా లోపమూ ఉండొచ్చు. తినే ప్రొటీన్ చాలకపోయినా, జింక్ తక్కువైనా లారీలు తగ్గుతాయి. అందుకే పక్కన సీఆర్పీ, అంటే ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీను, ఎంతుందో చూడండి, జ్వరం తగ్గి బిడ్డ తేరుకున్నాక మళ్లీ తీయించమని అడగండి. సాయంత్రం పూట సరిగా కనిపించట్లేదని, చీకట్లో తడుముకుంటోందని తల్లి చెప్తే మాత్రం ఆగకండి, రేచీకటి అనుమానం వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇవన్నీ నేను స్ప్రెడ్‌షీట్‌లో పెడతాను. తేదీ, బరువు, జ్వరం ఉందా లేదా, సీఆర్పీ, విలువ, యూనిట్. యూనిట్ కాలమ్ తప్పనిసరి. విటమిన్ డి ఒక ల్యాబులో 30 అని, ఇంకో ల్యాబులో 75 అని వస్తుంది, రెండూ ఒకటే. నానోగ్రాముల లెక్కను 2.5తో గుణిస్తే నానోమోల్స్. తేదీ టైపు చేయకండి, కంట్రోల్ పట్టుకుని సెమికోలన్ నొక్కితే చాలు. చాలామంది ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటారు, ఆరు నెలల తర్వాత ఆ ఫొటో దొరకదు.

ఇ కి ఈ లారీ ఉండదు, కొలెస్టరాల్ మోసే బండ్లలోనే ఎక్కుతుంది. ఈ పిల్లల్లో కొలెస్టరాల్ తరచుగా తక్కువే ఉంటుంది, అప్పుడు ఇ కూడా తక్కువ కనిపిస్తుంది. అందుకని రెండూ కలిపి, నిష్పత్తి చూడాలి. డి కి సొంత బండి ఉంది, దాన్ని వదిలేస్తున్నా.

కె ఒక్కటి. రక్తం గడ్డకట్టే పరీక్ష, పీటీ, మామూలుగా వచ్చిందని ఊరుకోకండి. లోపం బాగా ముదిరితే గానీ అది కదలదు. ముందే పట్టేది పివ్కా అనే పరీక్ష, అది అన్నిచోట్లా చేయరు. ఈ పిల్లలు యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడతారు, పేగులో కె తయారుచేసే బ్యాక్టీరియా కూడా పోతుంది. ముక్కులోంచి రక్తం, చిన్న దెబ్బకే కమిలిపోవడం కనిపిస్తే చెప్పండి.

ఇంతే. చిన్నా, ఆ సబ్బు కలిపిన గ్లాసు పారబోయి. క్యారెట్ నూనె వద్దురోయ్, అది ఉంచు, రాత్రికి పప్పు తిరగవాతకు పనికొస్తుంది. ఫ్యాన్ వెయ్, ముందు ఫ్యాన్ వెయ్.