హుడీ మెడ వెనక ట్యాగ్

(కామర్స్, మేనేజ్‌మెంట్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఇళ్లలో అక్కో, అన్నో, చిన్నాన్న కొడుకో అమెరికాలో చదువుతూ ఉంటారు. మొదటిసారి సెలవులకు వచ్చేటప్పుడు సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు ఒక హుడీ కూడా వస్తుంది. గుండె మీద యూనివర్సిటీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చలికాలం పొద్దున్నే నాన్నలు దాన్ని వేసుకుని వాకింగుకు వెళ్తారు. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి అక్కడే చదువుతోంది" అని చెప్పుకోవడంలో ఎంత సంతోషం! మా ఇంట్లోనూ ఒకటుంది, మా మేనకోడలు తెచ్చింది. ఒకరోజు దాన్ని ఉతికి తిరగేసి ఆరేస్తుంటే మెడ వెనక ట్యాగ్ కనబడింది. కుట్టింది మధ్య అమెరికాలోని హోండురాస్ దేశంలో.

గుండె మీద ఒక పేరు, మెడ వెనక ఇంకో పేరు. ఈ రెండు పేర్ల మధ్య మీ వయసు పిల్లలు ఏం చేశారో చెప్పాలని ఈరోజు వచ్చాను.

ముందు ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. అక్కడ యూనివర్సిటీ పేరు, ముద్ర ఆ యూనివర్సిటీ సొత్తు. బట్టల కంపెనీ వాటిని అచ్చు వేసుకోవాలంటే లైసెన్సు ఒప్పందం రాసుకోవాలి, అమ్మినదాని మీద కొంత శాతం రాయల్టీ కట్టాలి. అంటే యూనివర్సిటీకి ఆ వ్యాపారంలో వాటా ఉంది. అది పాఠాలు చెప్పే చోటే, సంతకం పెట్టిన వ్యాపార భాగస్వామి కూడా. 1990ల చివర్లో కొంతమంది విద్యార్థులు ఈ సంగతి పట్టుకున్నారు. 1998లో యునైటెడ్ స్టూడెంట్స్ అగైన్‌స్ట్ స్వెట్‌షాప్స్ అనే సంఘం పెట్టారు. చాలీచాలని కూలికి గొడ్డుచాకిరీ చేయించే కుట్టు ఫ్యాక్టరీలకు వ్యతిరేకంగా పెట్టిన సంఘం అది.

వాళ్లు పట్టుబట్టిన మొదటి కోరికల్లో ఒకటి వింటే మీకు చాలా చిన్నదనిపిస్తుంది. మా యూనివర్సిటీ పేరున్న బట్టలు ఏ ఫ్యాక్టరీల్లో కుడుతున్నారో ఆ చిరునామాలు బయటపెట్టండి అన్నారు. అంతే. అది వ్యాపార రహస్యం, పోటీదారులకు తెలిసిపోతుంది అన్నాయి కంపెనీలు. 1999 మొదట్లో డ్యూక్, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ యూనివర్సిటీల్లో పిల్లలు అధ్యక్షుల కార్యాలయాల్లో బైఠాయించారు, రాత్రిళ్లు అక్కడే నేలమీద పడుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో నైకీ యూనివర్సిటీ బట్టలు కుట్టే తన ఫ్యాక్టరీల జాబితా బయటపెట్టింది.

ఈ చిరునామా సంగతి దగ్గర ఇంకాస్త ఆగుతాను. ఎందుకంటే బాధ్యతగల వ్యాపారం గురించి మనం పెట్టుకునే సెమినార్లలో ఈ మాట ఎప్పుడూ రాదు. ఫ్యాక్టరీ ఎక్కడుందో తెలియనంతవరకు అక్కడ పనిచేసే మనిషితో మాట్లాడటం కుదరదు. ఆ మనిషితో మాట్లాడనంతవరకు కంపెనీ వేసుకున్న రంగురంగుల నివేదికే మనకు దిక్కు. అందుకే వాళ్లు ముందు ఊరి పేరు, వీధి పేరు అడిగారు.

చిరునామా దొరికాక వెళ్లి చూసేవాళ్లు కావాలి కదా. కంపెనీల మనుషులు బోర్డులో కూర్చున్న తనిఖీ సంస్థ ఒకటి అప్పటికే ఉంది. తనిఖీ చేయించుకోవాల్సినవాళ్లే ఆ బోర్డులో ఉంటే ఎలా అని పిల్లలు ఒప్పుకోలేదు. 2000లో వర్కర్ రైట్స్ కన్సార్షియం ఏర్పడింది. యూనివర్సిటీలు, విద్యార్థులు, కార్మిక వ్యవహారాలు తెలిసినవాళ్లు కలిసి నడిపే సంస్థ అది. కంపెనీల దగ్గర డబ్బు తీసుకోదు. మరుసటి ఏడాదే మెక్సికోలోని అట్లిస్కోలో కుక్‌డాంగ్ అనే ఫ్యాక్టరీలో గొడవ మొదలైంది. క్యాంటీన్‌లో పాడైన తిండి పెడుతున్నారని నోరు విప్పినవాళ్లను పనిలోంచి తీసేశారు. కన్సార్షియం వెళ్లి విచారించింది, ఇటు యూనివర్సిటీలు నైకీ, రీబాక్‌లను నిలదీశాయి. తీసేసినవాళ్లు పనిలోకి తిరిగి వచ్చారు, వాళ్లు పెట్టుకున్న సంఘానికి గుర్తింపు వచ్చింది. తిండి దగ్గర మొదలైన గొడవ ఎంత దూరం వెళ్తుందో హాస్టల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు హోండురాస్ సంగతికి వస్తాను. చోలోమా అనే ఊళ్లో జెర్జీస్ డి హోండురాస్ అనే ఫ్యాక్టరీ ఉండేది. యజమాని రసెల్ అథ్లెటిక్. ఆ కంపెనీ యజమాని ఫ్రూట్ ఆఫ్ ద లూమ్, దాని యజమాని అమెరికా కోటీశ్వరుడు వారెన్ బఫెట్ గారి బెర్క్‌షైర్ హాతవే. ఆ ఫ్యాక్టరీలో కార్మికులు సంఘం పెట్టుకున్నారు, జీతాల గురించి బేరం మొదలుపెట్టారు. 2008 అక్టోబరులో ఫ్యాక్టరీ మూసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. గిరాకీ పడిపోయిందని కారణం చెప్పింది. 2009 జనవరికల్లా తాళం పడింది. 1,200 మంది రోడ్డున పడ్డారు. కన్సార్షియం విచారించి, మూతకు అసలు కారణాల్లో సంఘం మీద కక్ష ఉందని తేల్చింది.

ఇక్కడ చూడండి. ఆ 1,200 మందికి ఆ దేశంలో కోర్టు గుమ్మం ఎక్కే స్తోమత లేదు. కానీ వాళ్లు కుట్టిన బట్టల మీద హార్వర్డ్, మిషిగన్, స్టాన్‌ఫర్డ్ లాంటి పేర్లున్నాయి. ఆ లైసెన్సు ఒప్పందాలకు ఒక నియమావళి జతచేసి ఉంది. కార్మికులు సంఘం పెట్టుకుంటే అడ్డుపడకూడదన్నది అందులో రాసి ఉంది. పదేళ్లుగా పిల్లలు పోరాడి ఒప్పందాల్లోకి ఎక్కించిన మాట అది. నియమావళి ఉల్లంఘించారు కాబట్టి ఒప్పందం రద్దు చేయండి అని ఒక్కొక్క యూనివర్సిటీలో అడగడం మొదలుపెట్టారు. చోలోమా నుంచి కార్మికులు వచ్చి క్యాంపస్‌లలో నిలబడి తమ కథ తామే చెప్పుకున్నారు. పిల్లలు క్రీడా వస్తువుల దుకాణాల్లో కరపత్రాలు పంచారు. బాస్కెట్‌బాల్ ఫైనల్స్ జరుగుతుంటే బయట నిలబడి నినాదాలిచ్చారు. ఒమాహాలో బఫెట్ గారి ఇంటి తలుపు కూడా తట్టి వచ్చారు.

ఒకటొకటిగా 90కి పైగా యూనివర్సిటీలు రసెల్‌తో ఒప్పందాలు రద్దు చేసుకోవడమో, నిలిపివేయడమో చేశాయి. 2009 నవంబరులో కంపెనీ దిగివచ్చింది. అక్కడ కొత్త ఫ్యాక్టరీ తెరిచి ఆ 1,200 మందిని తిరిగి తీసుకుంటామంది. హోండురాస్‌లో తన మిగతా ఫ్యాక్టరీల్లోనూ సంఘాలకు అడ్డుపడబోమంది. కొత్త ఫ్యాక్టరీకి పెట్టిన పేరు జెర్జీస్ నువెవో దియా. నువెవో దియా అంటే కొత్త రోజు. ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

విశాఖ దగ్గర అచ్యుతాపురం వైపు తెల్లారగట్ల వెళ్లినవాళ్లకు తెలుసు, టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని బట్టల ఫ్యాక్టరీలకు బస్సుల్లో వెళ్లే అమ్మాయిలు ఎంతమందో. చోలోమా అమ్మాయిలు నాకు వాళ్లలాగే కనిపిస్తారు. అందుకే ఆ కథ నాకు దూరదేశపు కథ అనిపించదు.

"మేడమ్, ఇలా చేస్తే ధరలు పెరిగి కంపెనీ నష్టపోదా?" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. కామర్స్ విద్యార్థి అడగాల్సిన ప్రశ్నే. లెక్క చూద్దాం. డొమినికన్ రిపబ్లిక్‌లో విల్లా అల్టాగ్రాసియా అనే ఊళ్లో టోపీలు కుట్టే ఫ్యాక్టరీ 2007లో మూతపడింది. 2010లో నైట్స్ అప్పారెల్ అనే కంపెనీ అదే ఊళ్లో అల్టా గ్రాసియా పేరుతో కొత్త ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడి చట్టం చెప్పే కనీస వేతనానికి సుమారు మూడున్నర రెట్లు జీతం ఇచ్చింది. ఇల్లు గడవడానికి, పిల్లల చదువుకు ఎంత కావాలో లెక్కగట్టి నిర్ణయించిన జీతం అది. అప్పుడు ఒక టీషర్టు తయారీ ఖర్చు 4.80 డాలర్లు అయింది. కనీస వేతనంతో సరిపెట్టి ఉంటే అయ్యేదానికన్నా 80 సెంట్లు ఎక్కువ. దుకాణంలో దాని ధర 18 డాలర్ల దరిదాపుల్లో పెట్టారు. మూడున్నర రెట్ల జీతానికి 18 డాలర్లలో 80 సెంట్లు. కాస్ట్ అకౌంటింగ్ పుస్తకంలో ఈ లెక్క ఒక్కటి చేర్చినా చాలు అనుకుంటాను నేను.

విద్యార్థులు ఇంకా చాలా చేశారు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో 1987లోనే ఓయికోస్ అనే విద్యార్థి సంస్థ పుట్టింది, ఆర్థికశాస్త్రం, మేనేజ్‌మెంట్ పాఠాల్లో పర్యావరణం చోటు చేసుకోవాలని. 2009లో హార్వర్డ్ ఎంబీయే విద్యార్థులు వ్యాపారం నిజాయితీగా చేస్తామని, వైద్యుల ప్రమాణంలాంటి ప్రమాణం ఒకటి రాసుకున్నారు. 2018లో ఫ్రాన్స్‌లో పెద్దపెద్ద విద్యాసంస్థల పిల్లలు ఒక ప్రకటన రాశారు. మా చదువును పర్యావరణాన్ని పట్టించుకోని కంపెనీలకు అమ్ముకోం అన్నది దాని సారాంశం. 30,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. ఇవన్నీ మంచివే. అయినా నా మనసు చోలోమా వైపే మొగ్గుతుంది. ప్రమాణం నిలబెట్టుకున్నామో లేదో చెప్పేది మన మనసే. ఒప్పందం నిలబెట్టుకున్నారో లేదో బయటివాళ్లు కాగితం పట్టుకుని అడగొచ్చు.

మన దగ్గరకు వద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ మీ సిలబస్‌లో ఉంది. ఒక స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ డబ్బుతో బడులకు బెంచీలు వచ్చాయి, ఊళ్లకు మంచినీళ్ల ప్లాంట్లు వచ్చాయి. నేను కాదనను. కానీ సామాజిక బాధ్యత అంటే ఆ 2 శాతమే అని మన పిల్లల మనసుల్లో నాటుకుపోయింది. మిగిలిన 98 శాతం ఎలా సంపాదించారని ఎవరడగాలి?

నేను ఎంకాం చదివే రోజుల్లో మా హాస్టల్లో హరిత సంఘం ఉండేది, కార్యదర్శిని నేనే. జూలైలో మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం. వేసవి సెలవులకు ఇళ్లకు వెళ్లి వచ్చేసరికి మెస్ వెనక నాటిన నాలుగు మొక్కలు మాత్రం పచ్చగా ఉన్నాయి. మెస్‌లో వడ్డించే ఒక అక్క బియ్యం కడిగిన నీళ్లు రోజూ తెచ్చి వాటికి పోసిందట. ఆ సాయంత్రం ఆమె కొంగున ముడివేసుకున్న చీటీ తీసి "అమ్మా, ఇందులో ఏం రాసుందో చదివిపెట్టు" అంది. కాంట్రాక్టరు ఇచ్చిన జీతం చీటీ. పీఎఫ్ కింద కోత ఉంది. పీఎఫ్ నంబరు రాయాల్సిన చోట ఖాళీ ఉంది. మూడు నెలలుగా ఆ కోత పోను మిగిలిన జీతం కూడా చేతికి రాలేదు. ఏడాదంతా బాధ్యత గురించి పోస్టర్లు రాసిన నేను, మూడు పూటలా ఆమె వడ్డిస్తే తిని, ఆమె జీతం ఎవరిస్తారో ఒక్కసారీ అడగలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

సమాచార హక్కు చట్టం అప్పటికి కొత్త. పది రూపాయలు కట్టి మెస్ కాంట్రాక్టు ఒప్పందం నకలు అడిగాం. చట్టం ఇచ్చిన 30 రోజుల గడువు చివర్లో వచ్చింది. అందులో ఒక షరతు ఉంది: కార్మికుల పీఎఫ్ కట్టిన చలానా జతచేస్తేనే కాంట్రాక్టరు బిల్లు పాస్ చేయాలి. చలానాలు లేకుండానే నెలనెలా బిల్లులు పాసయ్యాయి. మేం ఆరుగురం ఆ పేజీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాం. గొడవ చేయలేదు, ఆ షరతు చదివి వినిపించాం. తర్వాతి బిల్లు ఆగింది. రెండు నెలల జీతం బకాయి వచ్చింది. మూడో నెలది రానేలేదు. కాంట్రాక్టరు మారిపోయాడు, ఎంత తిరిగినా రాబట్టలేకపోయాం.

తర్వాత తెలుసుకున్నాను. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమానే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉంది. తర్వాత చేసిన కార్మిక కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంచారు. ఆ రోజు అది తెలిసి ఉంటే ఆ మూడో నెల జీతం కూడా అడిగి ఉండేవాళ్లం. అందుకే మీకు చెబుతున్నాను.

పెద్ద కంపెనీల సంగతి తెలుసుకోవాలంటే ఇంకో దారి ఉంది. 2022-23 నుంచి మన స్టాక్ మార్కెట్‌లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు బిజినెస్ రెస్పాన్సిబిలిటీ అండ్ సస్టైనబిలిటీ రిపోర్ట్, అంటే తమ సామాజిక, పర్యావరణ బాధ్యతల మీద నివేదిక, ఇవ్వాలని స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన పెట్టింది. మీరు క్యాంపస్ ఇంటర్వ్యూకు వెళ్లే కంపెనీల్లో చాలా వాటిది నెట్‌లో దొరుకుతుంది. మొదటి పేజీల్లో చైర్మన్ గారి ఫొటో, పచ్చటి చెట్లు ఉంటే దాటేయండి. మానవ హక్కుల గురించిన ఐదో సూత్రం కింద ఒక పట్టిక ఉంటుంది. ఎంతమందికి సరిగ్గా కనీస వేతనం, ఎంతమందికి అంతకన్నా ఎక్కువ, శాశ్వత ఉద్యోగులు ఎందరు, మిగతావాళ్లు ఎందరు, ఆడా మగా విడివిడిగా అందులో రాయాలి. రెండేళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడగాలా" అంటారు కదా, అప్పుడు ఆ పట్టికలోంచి ఒక్క అంకె గురించి అడగండి. భయపడకండి. అలా అడిగిన మా విద్యార్థికి ఉద్యోగం వచ్చింది, జవాబు కూడా వచ్చింది.

ఈ హాలుకు వస్తూ మీ హాస్టల్ మెస్ ముందునుంచి వచ్చాను. గేటు దగ్గర సెక్యూరిటీ తాతను పలకరించాను. ఎన్ని గంటల డ్యూటీ అంటే పన్నెండు అన్నాడు. జీతం చీటీ ఇస్తారా అంటే నవ్వి ఊరుకున్నాడు. మెస్, సెక్యూరిటీ, శుభ్రం చేసే పని, ఈ మూడింటికీ ఒప్పందాలు ఉండే ఉంటాయి. మీది ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి వాటి నకళ్లు అడిగే హక్కు మీకుంది. దరఖాస్తు నమూనా తెలుగులో రాసి తెచ్చాను, ముప్ఫై కాపీలు ఆ ముందు బల్ల మీద ఉన్నాయి. పైన పేరు, తేదీ, ఏ ఒప్పందం కావాలో రాస్తే చాలు, రుసుము పది రూపాయలు. రాసేటప్పుడు అనుమానం వస్తే నేను నాలుగున్నర దాకా ఇక్కడే కూర్చుంటాను.