చిన్న ఎవాప్ లీక్: పీ0442 కోడ్ వస్తే ఎక్కణ్ణుంచి వెతకాలి

[స్క్రీన్ మీద: డాష్‌బోర్డ్‌లో వెలుగుతున్న చెక్ ఇంజిన్ లైట్]

హాయ్ అండీ. బండి బానే స్టార్ట్ అవుతోంది, పికప్ బావుంది, మైలేజ్ కూడా తగ్గలేదు, కానీ చెక్ ఇంజిన్ లైట్ మాత్రం ఆరట్లేదు, స్కానర్ పెడితే పీ0442 అనో పీ0456 అనో చూపిస్తోంది, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చూస్తే వచ్చే నెలే. డాలస్, హ్యూస్టన్ వైపు పాత కారు నడుపుతున్న మనవాళ్ళకి ఇది బాగా తెలిసిన టెన్షనే. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డాలస్, కాలిన్, హ్యారిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ అలాగే ఉంది, లైట్ వెలుగుతుంటే ఫెయిలే.

ఈ రెండు కోడ్లూ చెప్పేది ఎవాప్‌లో, అంటే పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా పట్టి ఉంచే సిస్టమ్‌లో, చిన్న లీక్ ఉందని. అసలు లీకయ్యేది ఏంటో ముందు చూద్దాం. ట్యాంక్‌లో గ్యాస్, అదే మన పెట్రోల్, ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. అది గాల్లో కలవకుండా బొగ్గు నింపిన డబ్బా ఒకటి పట్టి ఉంచుతుంది, దాన్నే చార్‌కోల్ క్యానిస్టర్ అంటారు. బండి నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఇంజిన్ ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది, క్యానిస్టర్‌లోకి బయటి గాలేమో వెంట్ వాల్వ్ లోంచి వస్తుంది. బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే చెకింగ్‌లో ఈ దారులన్నీ మూసేసి లోపల ప్రెషర్ నిలబడుతోందా లేదా చూసుకుంటుంది, అంతే. పీ0442 అంటే దాదాపు ఒక మిల్లీమీటర్ కన్నం, పీ0456 అంటే అందులో సగం. కంటికి కనపడదు, చాలాసార్లు వాసన కూడా రాదు. లీక్ ఉందని మాత్రమే కోడ్ చెప్తుంది, ఎక్కడుందో చెప్పదు, అందుకే ఊహించుకుని పార్టులు కొనొద్దని ఇంత గట్టిగా చెప్తున్నా.

[క్లోజప్: గ్యాస్ క్యాప్ రబ్బర్ సీల్]

ఫస్ట్ గ్యాస్ క్యాప్. క్లిక్ మనేదాకా తిప్పారా లేదా అన్నది ఒకటి, ఇంకోటి ఈ రబ్బర్ రింగ్, దీన్ని వేలితో కొంచెం వంచి చూడండి, ఇలా సన్నటి వెంట్రుక లాంటి పగుళ్ళు కనిపిస్తే క్యాప్ మార్చేయడమే. క్యాప్ కూర్చునే అంచు కూడా తడిమి చూడండి, తుప్పు ఉంటే కొత్త క్యాప్ వేసినా సీల్ అవ్వదు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీ, ఒహాయో లాంటి చోట్ల ఫిల్లర్ నెక్‌ని, అంటే క్యాప్ నుంచి ట్యాంక్‌కి వెళ్ళే పైపుని, తుప్పు కింద నుంచి మొత్తం తినేస్తుంది, టెక్సాస్ వాళ్ళకి అంత ఉండదు.

తర్వాత పర్జ్ వాల్వ్, ఇది ఎక్కువగా ఇంజిన్ దగ్గరే ఉంటుంది. కనెక్టర్ పీకేసి, ట్యాంక్ వైపు నుంచి వచ్చే పైపు తీసి, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, పైపు తీసిన చోట వాల్వ్ మూతి మీద వేలు పెట్టండి. కరెంట్ లేనప్పుడు అది మూసుకునే ఉండాలి, వేలిని లాగుతున్నట్టు అనిపిస్తే వాల్వ్ పోయినట్టే. ఫుల్ ట్యాంక్ కొట్టించిన వెంటనే బండి స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తోందంటే కూడా ముందు దీన్నే అనుమానించండి.

వెంట్ వాల్వ్ వెనక క్యానిస్టర్ దగ్గర ఉంటుంది, దుమ్ము, తుప్పు పట్టి సరిగ్గా మూసుకోదు. అన్నట్టు ఈ వెంట్ పైపుల్లోకి సాలీళ్ళు కూడా దూరతాయి, 2011లో సాలెగూళ్ళ వల్లే మజ్దా వాళ్ళు మజ్దా 6 కార్లు రీకాల్ చేశారు, నిజంగా జరిగిందే.

[స్క్రీన్ మీద: స్మోక్ మెషీన్, క్యానిస్టర్ పైపు దగ్గర సన్నగా లేస్తున్న పొగ]

ఇవన్నీ చూసినా దొరకలేదంటే స్మోక్ టెస్టే, దీనికి షాప్‌కి వెళ్ళడం బెటర్. స్కానర్‌తో వెంట్ వాల్వ్ మూయించి సిస్టమ్‌లోకి పొగ పంపిస్తారు, ప్రెషర్ అర పీఎస్ఐ లోపే ఉండాలి. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ పైపు నేరుగా దీనికి పెట్టడం మాత్రం అస్సలు వద్దు, మంచి సీల్స్ కూడా పగిలిపోతాయి, పైగా లోపలుంది పెట్రోల్ ఆవిరి, గాలి కలిస్తే నిప్పురవ్వ చాలు. పొగ సన్నగా వస్తుంది కాబట్టి ఫ్యాన్లు ఆపి, టార్చ్ పక్క నుంచి కొట్టి, ఓపిగ్గా చూడాలి, ఎక్కువగా ట్యాంక్ మీద ఫ్యూయల్ పంప్ సీల్ దగ్గరో, పైపుల మలుపుల దగ్గరో బయటపడుతుంది. పొగ ఎక్కడొచ్చిందో చూపించమని అడగండి, డబ్బులు మనవి.

క్యానిస్టర్ పాడైందంటే మాత్రం గ్యాస్ కొట్టేటప్పుడు నాజిల్ కట్ అయ్యాక ఇంకా కొంచెం ఇంకా కొంచెం అని నొక్కే అలవాటు మానేయండి, లిక్విడ్ పెట్రోల్ బొగ్గులోకి వెళ్తే అది ఆవిరిని పట్టుకోలేదు.

రిపేర్ అయ్యాక కోడ్ క్లియర్ చేసి వెంటనే టెస్ట్‌కి పరిగెత్తకండి, క్లియర్ చేస్తే మానిటర్లన్నీ, అంటే బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే చెకింగ్‌లన్నీ, నాట్ రెడీలోకి, అంటే ఇంకా పూర్తవ్వని స్థితిలోకి, వెళ్ళిపోతాయి. ఎవాప్ మానిటర్ అన్నిటికంటే బద్ధకం, చాలా బండ్లలో ట్యాంక్ మరీ నిండుగా ఉన్నా మరీ ఖాళీగా ఉన్నా రన్ అవ్వదు, కాబట్టి సగం దగ్గర ఉంచి, రాత్రంతా బండి కదపకుండా వదిలేసి, పొద్దున్న చల్లటి ఇంజిన్‌తో మామూలుగా నడపండి, ఇలా కొన్ని రోజులు. టెక్సాస్‌లో 2001, ఆ తర్వాతి మోడల్స్‌కి ఒక్క మానిటర్ నాట్ రెడీగా ఉన్నా టెస్ట్‌కి ఒప్పుకుంటారు, సో మిగతావన్నీ రెడీ అయి ఎవాప్ ఒక్కటే మిగిలితే, లైట్ ఆరి ఉంటే, వెళ్ళిపోవచ్చు.