తవ్వకం అయ్యాక మిగిలే పని

(పురావస్తు శాస్త్ర విద్యార్థుల ముందు ఒక విశ్రాంత క్షేత్ర పరిశోధకుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లలు ఉత్సాహపడేలా నాలుగు మాటలు చెప్పమని మీ హెడ్ గారు అన్నారు. ఉత్సాహానికి నా అవసరం లేదు. అది ఉండబట్టే ఇంట్లోవాళ్లు సాఫ్ట్‌వేర్ అంటుంటే మీరు ఈ కోర్సులో చేరారు. ఈ పనికి అయ్యే ఖర్చేమిటో, దాన్ని ఎవరు భరిస్తారో చెప్తాను.

నాగార్జునకొండ చూడనివాళ్లు మీలో ఉండరు. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఆ లోయలో శిథిలాలు గుర్తించారు. ఆ తర్వాత బ్రిటిష్ పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వారు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఖాయమయ్యాక 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ పెద్ద ఎత్తున పనిలోకి దిగింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. నీళ్లొచ్చేలోగా ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని, అంతకు ముందటి రాతియుగాల ఆనవాళ్లను వీలైనంత వెలికితీయాలి. వందకు పైగా చోట్ల తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదికి, అనుపుకి చేర్చారు. మిగిలిన లోయ మునిగిపోయింది.

మనం బోటెక్కి వెళ్లి మ్యూజియం చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఆ తవ్వకాల నివేదిక ఎప్పుడొచ్చిందో ఎవరైనా చూశారా? మొదటి సంపుటం 1975లో. చారిత్రక యుగం మీద రెండోది 2006లో. అంటే తవ్వకం ఆగిన 46 ఏళ్లకి! అప్పట్లో కుర్రాళ్లుగా చేరినవాళ్లు కూడా అప్పటికి ఎప్పుడో రిటైరైపోయారు. ఎవరినో తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మన వృత్తిలో అసలు బరువు ఎక్కడుందో చూపించడానికే అంటున్నాను. ఒక పొర తీసేశామంటే అది ఇక లేదు. మన డైరీలో, డ్రాయింగులో, ఫొటోలో ఉన్నంతవరకే ఉంది. అవి బీరువాలో ఉండిపోతే మనం చేసింది తవ్వకం కాదు, విధ్వంసం. ప్రభుత్వ అనుమతితో చేసిన విధ్వంసం, అంతే తేడా.

అలాంటప్పుడు ఎందుకు తవ్వుతాం? బంగారం కోసం మాత్రం కాదు. ఊరివాళ్లు మాత్రం అదే అనుకుంటారు, ప్రతి క్యాంపులోనూ ఎవరో ఒకరు "సారూ, లంకెబిందెలు తగిలినయా?" అని అడుగుతారు. నాకు దొరికిన ప్రతిఫలం వేరు. పొద్దున్నే ట్రెంచ్, అంటే మేం తవ్విన గొయ్యి, అడుగుభాగాన్ని తాపీతో గీకి, చీపురుతో ఊడ్చి, పైన సన్నగా నీళ్లు చిలకరిస్తాం. కాసేపటికి నేలంతా ఆరిపోతుంది. అక్కడక్కడ గుండ్రటి మచ్చలు మాత్రం తడిగానే ఉంటాయి. ఎందుకంటే అక్కడి మట్టి గుల్ల. ఒకప్పుడు గుంజ పాతి, అది పుచ్చిపోయాక మట్టి నిండిన గుంట అది. ఒకటి, రెండు, మూడు... వరస కలిపితే ఒక గుడిసె గోడ. ఆ గోడను గోడగా మొదట చూసింది నువ్వే. జీతం సరిగ్గా రాని నెలల్లో కూడా ఈ పని వదలబుద్ధి కాకపోవడానికి నాకు వేరే కారణం కనపడలేదు.

ఇక ఖర్చు సంగతి. తవ్వకాల సీజన్ వానలు తగ్గాక మొదలై, ఎండలు ముదిరేదాకా సాగుతుంది. సంక్రాంతి, సగం పెళ్లిముహూర్తాలు, పిల్లల పరీక్షలు అన్నీ అందులోనే. మావాడు స్కూల్ ఫారంలో తండ్రి ఉద్యోగం అన్నచోట "క్యాంపు" అని రాశాడు. గ్యాస్ బండ, కరెంటు బిల్లు, మా నాన్నగారి బీపీ మాత్రలు, అన్నీ మా ఆవిడే చూసుకుంది. సన్మానసభల్లో దీన్ని నా త్యాగంగా చెప్తారు, శాలువా నాకే కప్పుతారు. కష్టపడింది ఆవిడ, ఆ గుంజగుంటలు చూసిన ఆనందం నాది. ఇలాంటి సభల్లో ఈ లెక్క ఎవరూ తీయరు.

బ్రిటిష్ కాలపు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అయితే ఈ పనిలోకి ఏకంగా కొడుకునే దించాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో పాతరాతియుగపు రాతి గొడ్డలి దొరికింది ఈయనకే. కర్నూలు దగ్గర బిళ్లసర్గం గుహల్లో తవ్వించే పని కొడుకు హెన్రీకి అప్పజెప్పాడు. తండ్రి ఫుట్ సేకరణ వివరాల పుస్తకాలు 1914, 1916ల్లో వెలువడ్డాయి. ఆయనేమో 1912లోనే పోయాడు.

2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడితే పేపర్లన్నీ రాశాయి. అన్ని నాణేలనూ శుభ్రం చేసి, తూచి, బొమ్మలు పోల్చి, ఒక్కోదానికీ నంబరు వేసి పట్టిక రాయాలి. దానికి ఫొటోగ్రాఫర్లు రారు.

అందుకే క్యాంపుకి వెళ్లేముందు మొహమాటపడకుండా అడగండి. బాత్రూమ్ ఉందా, తాగేనీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, పాము కరిస్తే ఆస్పత్రి ఎంత దూరం? అమ్మాయిలు మరీ గట్టిగా అడగండి, మా రోజుల్లో అడిగితే సుకుమారం అనేవాళ్లు. ఆ తర్వాత తవ్వకం నడిపే డైరెక్టర్ గారిని ఇంకొకటి అడగండి: "సార్, రిపోర్టు ఎవరు రాస్తున్నారు, దానికి డబ్బు, మనుషులు విడిగా పెట్టారా?" నవ్వి ఊరుకున్నారంటే, ఆ సీజన్‌కి వేరే క్యాంపు చూసుకోండి.