స్టార్టప్‌కి ఏ ఊరు?

అందరికీ నమస్కారం.

కంపెనీ పెట్టాలనుకునేవాళ్ళు ఆలోచన, భాగస్వామి, పేరు, లోగో అన్నీ కుదుర్చుకున్నాక అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ ఊళ్ళో పెడితే మంచిదంటారు?" అడుగుతూనే ఫోన్ తీసి ఏదో ర్యాంకుల పట్టిక చూపిస్తారు. ఆ పట్టికలు మేయర్లకూ ఆఫీసు స్థలాలు అమ్ముకునేవాళ్ళకూ బాగా పనికొస్తాయి. మీకు అంతగా పనికిరావు. అవి ఊరికి మార్కులేస్తాయి తప్ప, మీ కంపెనీకి ఈ ఏడాది దేనికి కటకటో వాటికేం తెలుసు? ఒకరికి మొదటి కస్టమర్ కటకట, ఇంకొకరికి ఇంజనీర్లు, మరొకరికి డబ్బు, లేదా లైసెన్సు. ఏది లేక పని ఆగిపోతోందో అది దొరికే ఊరు చూసుకోండి. రెండేళ్ళకు ఆ కటకట మారితే ఊరూ మార్చుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ అనగానే సియాటిల్ గుర్తొస్తుంది. కానీ ఆ కంపెనీ 1975లో పుట్టింది న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో. అక్కడెందుకంటే, అల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్ తయారుచేసే మిట్స్ కంపెనీ ఆ ఊళ్ళో ఉంది. మైక్రోసాఫ్ట్ ఫౌండర్లు బిల్ గేట్స్, పాల్ అలెన్ రాసిన బేసిక్ ప్రోగ్రామింగ్ భాష సాఫ్ట్‌వేర్‌కి మొదటి కస్టమర్ వాళ్ళే. హార్వర్డ్‌లోని పెద్ద కంప్యూటర్ మీద అల్టెయిర్‌ని అనుకరిస్తూ రాసిన ఆ ప్రోగ్రాం, అసలు మెషీన్ మీద అప్పటిదాకా ఒక్కసారి కూడా నడవలేదు. చూపించడానికి అలెన్ ఒక్కడే విమానమెక్కాడు. దాన్ని మెషీన్‌లోకి ఎక్కించే చిన్న లోడర్ రాయలేదన్న సంగతి దారిలో తట్టింది. దిగేలోపు కాగితం మీద రాసేశాడు. తీరా ఎక్కిస్తే పనిచేసింది. ఆ తర్వాత ఇద్దరూ మకాం ఆ ఊరికే మార్చారు. కస్టమర్ మెషీన్ పక్కన కూర్చుని తప్పులు దిద్దుకోవాల్సిన దశ అది. ర్యాంకుల పట్టిక చూసుకుని ఎవరూ ఆల్బకర్కీ వెళ్ళరు.

1977లో మిట్స్ చేతులు మారింది. బేసిక్ హక్కుల మీద తగాదా వచ్చి, మధ్యవర్తి దాకా వెళ్ళి, మైక్రోసాఫ్ట్ పక్షాన తేలింది. ఇక ఆ ఒక్క కస్టమర్ కోసం అక్కడే ఉండాల్సిన పని లేదు. ఇప్పుడు కటకట ప్రోగ్రామర్లకు. వాళ్ళను ఆల్బకర్కీకి రప్పించడం కష్టమైపోయింది. 1979 జనవరిలో కంపెనీని ఫౌండర్ల సొంత ప్రాంతమైన సియాటిల్ పక్కన బెల్‌వ్యూకు మార్చేశారు. వెళ్ళేముందు 1978 డిసెంబర్‌లో దిగిన ఫోటో చాలామంది చూసే ఉంటారు. అందులో ఉన్నది 11 మంది. ఊరు మారదలుచుకుంటే ఆ సంఖ్య దగ్గర మారాలి. వందమందికి సంసారాలు, పిల్లల బళ్ళు ఉన్నాక మారడమంటే సగం టీమును వదులుకోవడమే.

ముందే లెక్కలేసుకుని ఊరు ఎంచుకున్న మనిషి, ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్ముతూ అమెజాన్ మొదలుపెట్టిన జెఫ్ బెజోస్. 1994లో న్యూయార్క్‌లో ఉద్యోగం వదిలి సియాటిల్ వెళ్ళాడు. మైక్రోసాఫ్ట్ పుణ్యమా అని అక్కడ ఇంజనీర్లున్నారు. పక్క రాష్ట్రం ఆరెగాన్‌లోని రోజ్‌బర్గ్‌లో పుస్తకాల టోకు వ్యాపారం చేసే ఇంగ్రామ్ వాళ్ళ పెద్ద గోదాము ఉంది. మూడోది పన్ను. ఒక రాష్ట్రంలో కంపెనీకి భౌతికంగా ఉనికి లేకపోతే అక్కడి కొనుగోలుదారుల దగ్గర అమ్మకపు పన్ను వసూలు చేయక్కర్లేదని అమెరికా సుప్రీంకోర్టు 1992లో క్విల్ కేసులో చెప్పింది. అంటే జనాభా ఎక్కువున్న కాలిఫోర్నియాలో కూర్చుంటే అంతమందికీ పన్ను వేసి అమ్మాలి. చిన్న రాష్ట్రంలో కూర్చుంటే ఆ బాధ కొద్దిమందికే. ఆ వెసులుబాటు 2018లో వేఫెయిర్ తీర్పుతో పోయింది, అప్పటికి అమెజాన్‌కు దాని అవసరమూ తీరిపోయింది. చట్టంలోని సందును నమ్ముకుని ఊరు ఎంచుకోవడం తప్పేం కాదు. అది ఎన్నాళ్ళుంటుందో మాత్రం చూసుకోవాలి.

ఇంత లెక్క వేసేవాళ్ళు తక్కువ. సిలికాన్ వ్యాలీయే చూడండి. స్టాన్‌ఫర్డ్ ఉంది, హ్యూలెట్ ప్యాకర్డ్ 1939 నుంచీ ఉంది, రక్షణ శాఖ కాంట్రాక్టులూ ఉన్నాయి. కానీ అక్కడికి సిలికాన్‌ని తెచ్చింది, ట్రాన్సిస్టర్ కనిపెట్టినవాళ్ళలో ఒకరైన విలియం షాక్లీ. 1956లో మౌంటెన్ వ్యూలో ప్రయోగశాల పెట్టాడు. ఆ ప్రాంతం ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం, వాళ్ళమ్మ పక్కనే పాలో ఆల్టోలో ఉండటం. ఆయనతో వేగలేక మరుసటి ఏడాదే ఎనిమిదిమంది బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. అందులో ఇద్దరు, నాయిస్, మూర్, 1968లో ఇంటెల్ పెట్టారు. ఇంకొకాయన, యూజీన్ క్లైనర్, 1972లో కొత్త కంపెనీలకు పెట్టుబడి పెట్టే సంస్థ మొదలుపెట్టారు.

నాకు ఇందులో అమ్మ సంగతి కన్నా ఆ ఎనిమిదిమంది సంగతే ముఖ్యం. వాళ్ళు ఊరు వదలకుండా యజమానిని వదిలారు. కాలిఫోర్నియాలో అది చట్టరీత్యా తేలిక. "మా దగ్గర మానేస్తే పోటీ కంపెనీలో చేరకూడదు" అన్న షరతు అక్కడ 1872 నుంచీ చెల్లదు. మన దేశపు కాంట్రాక్టు చట్టంలో అదే మాట చెప్పే సెక్షన్ 27 కూడా ఆ ఏడాదిదే, రెండూ డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే అమెరికా లాయరు న్యూయార్క్ కోసం రాసిన ముసాయిదా నుంచి వచ్చాయి. న్యూయార్క్ మాత్రం దాన్ని తీసుకోలేదు! మసాచుసెట్స్‌లో ఆ షరతులు చెల్లేవి. 2018లో అవి ఏడాదికి మించి ఉండకూడదని చట్టం చేశారు. బోస్టన్ చుట్టూ ఉన్న రూట్ 128 అనే రహదారి పక్కన వెలసిన కంప్యూటర్ కంపెనీలు ఒకప్పుడు వ్యాలీకి ఏమాత్రం తీసిపోయేవి కావు. వాటిలో పెద్దదైన డెక్‌ను (డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్) 1998లో మరో కంప్యూటర్ కంపెనీ కాంపాక్ కొనేసింది. ఆ వెనకబాటుకు చట్టం ఒక్కటే కారణమని నేననను. కానీ మీరు చూస్తున్న ఊళ్ళో ఉద్యోగ ఒప్పందాలు ఎలా ఉంటాయో ఒక లాయరుని అడగడానికి అరగంట చాలు. అది కూడా అడగనివాళ్ళే ఎక్కువ.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే, మీరు తీసుకోబోయే మొదటి సీనియర్ ఇంజనీర్ వైపు నుంచి చూడండి. వయసు ముప్పై అయిదు. ఇంటి లోన్ ఉంది. భార్యకి కూడా ఉద్యోగం. మీ ఆలోచన నచ్చింది, షేర్లిస్తానన్నారు, జీతం కాస్త తగ్గినా సర్దుకుంటాడు. ఇంటికెళ్ళాక భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకునేది మీ ప్రోడక్ట్ గురించి కాదు. "ఇది ఎనిమిది నెలల్లో మూతపడితే?" అని ఆవిడ అడుగుతుంది. ఇల్లు మారకుండా, పిల్లల బడి మారకుండా నెల రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరికే ఊరైతే ఆయన సోమవారం మీ దగ్గర ఉంటాడు. మీలాంటి కంపెనీలు మరో రెండే ఉన్న ఊరైతే రాడు. లేదా మీరు భరించలేనంత జీతం అడుగుతాడు. ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే, ఒకే పరిశ్రమ ఒకచోట గుమిగూడితే నైపుణ్యానికి నిలకడైన గిరాకీ ఏర్పడుతుందని రాశారు. ఆ ఇంట్లో రాత్రి జరిగే చర్చ అదే.

ఇక చౌక ఊరి వాదన. "అక్కడ అద్దెలు సగం" అంటారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖర్చులో సింహభాగం జీతాలది, అద్దెది కాదు. జీతాలు కూడా తక్కువే అనుకుందాం. మీ దగ్గరున్న డబ్బు ఖరీదైన ఊళ్ళో 18 నెలలు, చౌక ఊళ్ళో 24 నెలలు వస్తుంది. ఆరు నెలలు మిగిలాయి. కానీ అక్కడ సరైన మనిషి దొరకడానికి ఐదు నెలలు ఎక్కువ పడితే, అతనికోసం ఎదురుచూస్తూ మిగతావాళ్ళు జీతం తీసుకుంటూనే ఉంటారు. మిగిలింది ఒక నెల. కొత్తవాళ్ళను తీసుకుని ఓపిగ్గా నేర్పించుకోగల కంపెనీకి మాత్రం చౌక ఊరు నిజంగా లాభమే. జోహో తెన్‌కాశి దగ్గర పల్లెటూళ్ళో ఆఫీసు నడుపుతోంది. కానీ అది 1996లో మొదలై, సొంత కాళ్ళ మీద నిలబడ్డాక వేసిన అడుగు. మొదటి ఏడాది కంపెనీకి దాన్ని ఉదాహరణగా చూపించకండి.

ఇన్వెస్టర్ల గురించి ఎక్కువ చెప్పను. డబ్బు విమానమెక్కి వస్తుంది, వారానికోసారి దాన్ని కలవక్కర్లేదు. ప్రభుత్వ రాయితీలకూ అదే మర్యాద చాలు. చిలీ దేశం 2010లో వాటా అడక్కుండా 40 వేల డాలర్లిచ్చి ప్రపంచం నలుమూలల నుంచి ఫౌండర్లను పిలిచింది. వచ్చారు. కార్యక్రమం పూర్తయ్యాక చాలామంది వెళ్ళిపోయారు. గ్రాంటు తీసుకోండి, తప్పులేదు. అది అయిపోయిన మర్నాడు కూడా ఆ ఊళ్ళో మీకు పనుంటుందా అన్నది వేరే లెక్క.

రిజిస్ట్రేషన్‌నీ మకాంనీ కలిపేసి బుర్ర పాడుచేసుకునేవాళ్ళూ ఉన్నారు. అవి రెండూ వేరు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఒక్క కుర్చీ కూడా లేని కంపెనీలు వేలకు వేలు అక్కడ రిజిస్టరయ్యాయి. స్కైప్ ఫౌండర్లు ఒకాయన స్వీడన్, ఒకాయన డెన్మార్క్. ప్రధాన కార్యాలయం లక్సెంబర్గ్. కోడ్ రాసింది ఎస్టోనియా కుర్రాళ్ళు, టాలిన్‌లో. 2003లో వచ్చిన కంపెనీని 2005లో ఈబే కొనేసింది. కాగితం ఎక్కడుండాలో అకౌంటెంట్ చెబుతాడు. మనుషులెక్కడుండాలో మీరే తేల్చుకోవాలి.

అసలు ఊరే అక్కర్లేదు, అంతా రిమోట్ అంటారా? గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసు లేకుండానే పెద్దదైంది. అక్కడ ప్రతి నిర్ణయాన్నీ రాసిపెట్టే అలవాటు ఉంది. మీ టీముకు ఆ అలవాటు ఉందా? దూరం పెరిగేకొద్దీ ఇంజనీర్ల మధ్య మాటామంతీ ఎంత వేగంగా పడిపోతుందో ఎంఐటీకి చెందిన థామస్ అలెన్ 1970లలోనే కొలిచి చూపించారు. రోజూ ప్రోడక్ట్ మారిపోతున్న తొలి నెలల్లో కనీసం ఫౌండర్లన్నా ఒకే గదిలో ఉండాలని నా అభిప్రాయం. దీనితో ఒప్పుకోనివాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారని తెలుసు.

ఊరు ఖాయం చేసుకునేముందు అక్కడ ఒక నెల ఉండి చూడండి. 2004 వేసవిలో ఫేస్‌బుక్ కుర్రాళ్ళు పాలో ఆల్టోలో ఇల్లు అద్దెకు తీసుకున్నది సెలవులకే. మళ్ళీ చదువుకు వెళ్ళిపోవాలనే అనుకున్నారు. ఆ నెలలో ఆఫీసు స్థలాలు చూడొద్దు. కస్టమర్లు కాగలిగినవాళ్ళు పదిమందికి ఫోన్ చేసి, "ఎల్లుండి ఒక అరగంట కలవచ్చా" అని అడగండి. ఎంతమంది సరే అన్నారో రాసుకోండి. ఉద్యోగ ప్రకటన ఒకటి వేసి, వచ్చిన అప్లికేషన్లలో మీరు నిజంగా ఇంటర్వ్యూకి పిలిచేవి ఎన్నో చూడండి. ఈ మధ్యే మూతపడిన కంపెనీ ఫౌండర్ని ఒకరిని వెతికి పట్టుకోండి. ఆ టీములోవాళ్ళు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో అడగండి. అదే ఊళ్ళో ఉంటే ఒక అర్థం, ఊరు వదిలి వెళ్ళిపోతే ఇంకో అర్థం. నిలబడి గెలిచినవాళ్ళు ఊరి గురించి ఎలాగూ మంచే చెబుతారు.

ఇక ప్రశ్నలు. ఫలానా రెండు ఊళ్ళలో ఏది మేలో అడిగేవాళ్ళు, మీ కస్టమర్లు ఎక్కడున్నారో, టీములో ఎంతమందో ముందు చెప్పండి.